ఇంటిబడి: తూనీగ తోకకు దారము



తొలకరి వానలు పడినవి. పెరటిలో పచ్చిక మొలిచినది. పచ్చికతో తూనీగలును వచ్చినవి. తూనీగలు వచ్చినవనగా మన చిన్నవాండ్ర చేతులలోనికి దారపుముక్కలును వచ్చినవనియే యర్థము. ఒకడు వెనుకనుండి మెల్లగా పోయి తోక పట్టుకొనును. మఱియొకడు ముడి వేయును. అది యెగురలేక యెగురుచుండగా అందఱును చప్పట్లు కొట్టుదురు. సాయంకాలమునకు దాని ఱెక్క యొకటి యూడిపోవును. మనము వాకిట కూరుచుండి బియ్యము ఏఱుకొనుచు ఈ వేడుకను చూచుచునే యుందుము. "పిల్లలాట గదా" యని యూరకుందుము.

మహాభారతమున ఆదిపర్వమునందు మాండవ్యముని కథ కలదు. తాను చేయని దొంగతనమునకు రాజు ఆయనను కొఱత వేయించెను. ముని యమధర్మరాజు నొద్దకు పోయి, నేనేమి పాపము చేసితినని నిలువదీసెను. చిన్నతనమున పురుగుల తోకలకు పుల్లలు గ్రుచ్చితివి, దాని ఫలమే యిది యని యముడు చెప్పెను. ఏమియు నెఱుగని పసితనపు చేష్ట కింతటి శిక్షయా యని ముని కోపించి, మనుష్యుడవై పుట్టుమని యముని శపించెను. అట్లు పుట్టినవాడే విదురుడు. అంతటితో విడువక, 14 ఏండ్ల వఱకు బాలురు చేసినది పాపముగా నెంచబడదని మర్యాద యేర్పఱచెను. మంచి మర్యాదయే. అయితే పాపము బిడ్డది కానిచో మఱి యెవ్వరిది? వాకిట బియ్యము ఏఱుకొనుచు చూచుచున్నవారికి అందులో కొంత పాలు రాదా యని నాకప్పుడప్పుడు అనుమానము కలుగుచుండును.

"తప్పు, కండ్లు పోవును" అని యదలించుటవలన ప్రయోజనము లేదు. అదలించిన బిడ్డ మన యెదుట మాని గోడచాటున చేయును. వానికి తూనీగమీద పగ యేమియు లేదు. అది యెట్లెగురుచున్నది, పట్టుకొన్న నేమి చేయును, దానికి నొప్పి యుండునా యని తెలిసికొను నాత్రము మాత్రమే కలదు. ఆ యాత్రమును చేతినుండి కంటికి మరలింపవలయును. అది బడిలో జరుగు పని కాదు. గడపలోను పెరటిలోను జరుగవలసినది. మూడేండ్లు నిండి యింకను బడిలో కుదురుకొనని బిడ్డలుగల తల్లులకు పనికివచ్చునని, మా యింట చేసి చూచిన కొన్నిటిని ఈ నెల వ్రాయుచున్నాను. కొనవలసిన వస్తువు ఒక్కటియు లేదు.

ముందుగా చీమలు. ఉదయము వాకిట జానెడు దూరములో రెండు చిన్న ముగ్గులు వేయుడు. ఒకటి బియ్యపుపిండితోను, రెండవది అంగటిలో నమ్ము రాతిముగ్గుతోను వేయవలెను. బిడ్డను దగ్గఱ పీటమీద కూర్చుండబెట్టి, "చీమ ఏ ముగ్గుకు వచ్చునో చూచి నాతో చెప్పుము" అని మీరు లోపలికి పోయి మీ పని చూచుకొనుడు. దగ్గఱ నుండి అన్నియు మనమే చెప్పివేయుట మన కొక దురభ్యాసము. పావుగంటకో అరగంటకో కేక వినవచ్చును. మన పూర్వికురాండ్రు ముగ్గునకు బియ్యపుపిండిని ఏల వాడిరో ఆ బిడ్డకు ఉపన్యాసము లేకయే తెలియును. అంగటి ముగ్గు తెల్లగా నిగనిగలాడునుగాని చీమకు మాత్రము అది రాయియే.

మఱునాడు గోడమూల బెల్లపుపలుకు నొకదాని నుంచుడు. మొదట వచ్చిన చీమ ఒంటరిగా, త్రోవ తప్పినదానివలె వంకరటింకరగా తిరుగును. బెల్లము దొరకిన పిమ్మట తిరిగి పోవునపుడు పొట్టను నేలకు తాకించుచు పోవును. వాసనగల యొక ద్రవమును నేలపై పూయుచున్నదన్నమాట. తక్కినవి ఆ వాసన పట్టుకొనియే బారులు తీరును. బారు చక్కగా సాగుచున్నపుడు బిడ్డచేత తడివ్రేలితో దాని కడ్డముగా ఒక గీత తుడిపింపుడు. చీమలు అచ్చట ఆగి, అటునిటు వెదకి, కొంతసేపటికి మరల త్రోవ కలుపుకొనును. మా మనుమరాలు నాలుగేండ్లది. ఇది చూచి కొంతసేపు మాటాడక, "అమ్మమ్మా, వాటి వీధి నేను చెరిపేశాను" అన్నది. ఆ సాయంకాలము తలుపు దగ్గఱ బారును దాటునపుడు అది కాలు ఎత్తి వేయుట చూచితిని. నేను చెప్పలేదు. ఒక్క హెచ్చరిక: కుట్టు ఎఱ్ఱచీమలతో కాక నల్లచీమలతో మొదలుపెట్టుడు. మొదటి పాఠమే కుట్టిన రెండవ పాఠమునకు విద్యార్థి రాదు.

లెక్కలు నేర్పుటకు పలకయే కావలయునా? చపాతీపిండి మిగిలినపుడు మూడు చిన్న ఉండలు చేసి వరుసగా నతికింపుడు. తల, రొమ్ము, పొట్ట. నడిమి యుండకు చీపురుపుల్లల ముక్కలు ఇటు మూడు, అటు మూడు గ్రుచ్చవలెను. తలకు మీసములు రెండు. ఱెక్కలు కావలసిన వేపాకులు పెట్టవచ్చును. తూనీగకు నాలుగు, ఈగకు రెండే. పిదప సాలెపురుగును చేయింపుడు. దానికి ఉండలు రెండే, కాళ్లు మాత్రము ఎనిమిది. ఆఱు కాళ్లదానిని ఒక ప్రక్కను, ఎనిమిది కాళ్లదానిని మఱియొక ప్రక్కను పెట్టిన చాలును. శాస్త్రజ్ఞులు చేసిన విభాగమే యది.

ఈ దినములలో ఎఱ్ఱమట్టి నేలలలో ఆరుద్రపురుగు కనబడును. మా చిన్ననాటివలె గుంపులుగా కనబడదుగాని, పల్లెకు పోయిన తల్లులు వెదకి చూడుడు. ఎఱ్ఱని మఖమలు గుడ్డముక్క నడచుచున్నట్లుండును. దాని కాళ్లను బిడ్డచేత లెక్కింపుడు. ఎనిమిది! పేరునకు పురుగేయైనను అది సాలెపురుగునకు చుట్టము. పెద్దవారిలో పలువు రెఱుగని సంగతిని పసివాడు లెక్కపెట్టి చెప్పినపుడు వాని మొగము చూడవలయును. చూచిన పిమ్మట దానిని తీసిన చోటనే విడిచిపెట్టింపుడు. అగ్గిపెట్టెలో పెట్టి యింటికి తెచ్చుట మనము చేసిన తప్పు; మన బిడ్డల కది వలదు.

ఇక అన్నిటికంటె గొప్ప పాఠము మీ కరివేపచెట్టుమీదనో నిమ్మచెట్టుమీదనో కలదు. లేతాకులమీద ఆవగింజకంటె చిన్నదగు గుండ్రని గ్రుడ్డు, లేతపసుపు రంగుది, ఒక్కొక్కటిగా నుండును. మూడు నాలుగు దినములకు దానినుండి వెడలు పురుగు పక్షిరెట్టవలె నలుపు తెలుపులు కలిసియుండును. పక్షులు దానిని రెట్టయని యెంచి ముట్టవు. పెద్దదైన పిమ్మట ఆకుపచ్చగా మాఱి ఆకులో నాకై పోవును. పుల్లతో మెల్లగా తాకినచో తల వెనుకనుండి రెండు ఎఱ్ఱని కొమ్ములను చాచి ఘాటైన వాసన కొట్టును. బిడ్డలకు ఈ కొమ్ములు చూచిన పట్టరాని సంతోషము. అయితే దినమున కొక్కమాఱుకంటె ఎక్కువ తాకనీయకుడు. అది భయపడి చేయు పనిగాని మన వినోదమునకు చేయునది కాదు.

వెడల్పు మూతిగల గాజుసీసాలో కొమ్మతోగూడ దానినుంచి, పలుచని గుడ్డతో మూతి కట్టుడు. ఎండ తగులరాదు. దినదినము క్రొత్త ఆకు వేయవలయును. అంగటిలో కొన్న కరివేపాకు వేయకుడు. పురుగుమందు చల్లిన ఆకైనచో మఱునాటికి పురుగు చచ్చును. మా సీసాలో మొదటిమాఱు జరిగిన దదియే. ఆ పిమ్మట మేము తినెడు కరివేపాకును గూడ రెండు నీళ్లు ఎక్కువగా కడుగుచున్నాను. సీసా అడుగున పడు రెట్టను బిడ్డచేతనే దులిపింపుడు. ఇంత చిన్న పురుగు ఎంత తినునో, ఎంత విసర్జించునో చూచి నవ్వుదురు, నవ్వనిండు.

కాలము తెలియుటకు ఒక చిన్న ఉపాయము. గ్రుడ్డు కనబడిన దినమునుండి దినమున కొక్కటిగా చింతగింజను గిన్నెలో వేయింపవలయును. రెండు వారములు తినితిని, ఒకనాడు పురుగు తినుట మానును. పుల్ల నెక్కి, తోకకొన నచ్చట నంటించి, నడుమునకు పట్టుదారము మొలత్రాడువలె కట్టుకొని నిలుచును. మఱునాటికి చర్మము విడిచి గూడగును. అప్పటినుండి చూచుటకేమియు నుండదు. ఇదియే కష్టమైన భాగము. ఏమియు జరుగనిదానికొఱకు వారము పది దినములు ఎదురుచూచుట మూడు నాలుగేండ్ల బిడ్డకు తపస్సువంటిది. ఫోను చేతికిచ్చిన క్షణమున క్షణమున క్రొత్తబొమ్మ చూపునట్టి యీ కాలమున, ఏమియు కదలని గూటివైపు ఉదయము లేవగనే పరుగెత్తు బిడ్డను చూచుట నాకు ఎంతయో ఊరట. మా యింట గిన్నెలో 26 చింతగింజలు పోగుపడిన దినమున గూడు పగిలినది.

వెడలినపుడు సీతాకోకచిలుక తడిసి నలిగిన కాగితమువలె నుండును. ఱెక్కలు ముడుతలు పడియుండును. తలక్రిందుగా వ్రేలాడుచు శరీరములోని ద్రవమును ఱెక్కల యీనెలలోనికి ఎక్కించి వానిని విప్పుకొనును. ఆఱుటకు గంటయో రెండు గంటలో పట్టును. ఈ సమయమున జాలిపడి గూడు చీల్చుటగాని, ఱెక్క సాగదీయుటగాని చేసితిమా, అది జన్మమంతయు కుంటిదగును. బిడ్డ చేతులను మీ చేతులలో పట్టుకొని యుండుడు. ఆఱిన పిమ్మట పెరటిలోనికి కొనిపోయి గుడ్డ విప్పుడు.

ఒంటినిండ నూగుగల గొంగళిపురుగును మాత్రము సీసాలో పెట్టరాదు, ముట్టనీయరాదు. ఆ నూగు గ్రుచ్చుకొని దద్దురు లేచును. బిడ్డ ముట్టినచో గోకనీయక, అంటుకొను పట్టీని అద్ది నూగును తీసి, సబ్బుతో కడుగుడు.

వంటయింటి సీసాలో ఏమి శాస్త్రమున్నదని నవ్వువారు కలరు. మరియా సిబిల్లా మెరియన్ అను నామె జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టు నగరమున 1647లో పుట్టినది. 13 ఏండ్ల బాలికయై యుండగా పట్టుపురుగులను పెంచి చూచుట మొదలుపెట్టినది. ఆ కాలమున ఐరోపా పండితులలో పలువురు పురుగులు బురదనుండియు, కుళ్లినదానినుండియు పుట్టునని నమ్ముచుండిరి. ఈమె ఇల్లు దిద్దుకొనుచు, ఇద్దఱు కుమార్తెలను పెంచుకొనుచు, ఏ పురుగు ఏ యాకు తిని ఏ సీతాకోకచిలుక యగునో పెట్టెలలో పెంచి చూచి, చిత్రములు వ్రాసి, 1679లో గ్రంథము ప్రకటించినది. 1699లో, 52వ యేట, చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని ఓడలో దక్షిణ అమెరికాలోని సురినాము దేశమునకు పోయి అచ్చటి పురుగులను పరిశీలించినది. ఆ చిత్రగ్రంథము 1705లో వెలువడినది. ఆమె చదివిన కళాశాల ఏదియు లేదు. ఆ కాలమున స్త్రీలకు అట్టివి లేవు.

అన్ని గూళ్లనుండియు సీతాకోకచిలుకలు రావు. ఈ మాట ముందే చెప్పవలసియున్నది. మా రెండవ సీసాలోని గూడు నల్లబడినది. ఒకనాటి యుదయము దానిలో సూదిబెజ్జమువంటి రంధ్రము కనబడినది. సీసా గోడమీద చీమతలంతటి కందిరీగలు ప్రాకుచున్నవి. వాని తల్లి ముందే వచ్చి ఆ గూటిలో గ్రుడ్లు పెట్టిపోయినది. మనుమరాలు వచ్చి, "మన సీతాకోకచిలుక ఏది?" అని యడిగినది. మా యమ్మాయి నాకు కనుసైగ చేసినది, ఎగిరిపోయినదని చెప్పుమని. చెప్పవచ్చును. ఇరువదియాఱు దినములు చింతగింజలు వేసిన బిడ్డ మరల మరల తన కంటిని తాను నమ్మవలెనా, నా మాటను నమ్మవలెనా? ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. "ఈ చిన్న పురుగులు దానిని తిని పెరిగినవి. మన పురుగు చచ్చిపోయినది." అది యేడ్చినది. చాలసేపు ఏడ్చినది. పిమ్మట కందిరీగలను చూపి, "ఇవీ పిల్లలేనా?" అని యడిగినది. ఔనంటిని. వానినిగూడ పెరటిలో విడువవలెననియు, నల్లని గూటిని కరివేపచెట్టు మొదట పాతవలెననియు అదియే నిర్ణయించినది. ఆఱు నెలలకు మా ముసలి కుక్క చనిపోయినపుడు, ఊరికి పోయినదని ఆ బిడ్డతో ఎవ్వరును చెప్పవలసిన యవసరము కలుగలేదు.

గోడమీద మట్టిగూడు కట్టు కందిరీగనుగూర్చి మనలో ఒక మాట కలదు. పురుగును తెచ్చి గూటిలో పెట్టి, చుట్టును ఝంకారము చేయగా, ఆ పురుగు భ్రమరమునే తలచి తలచి భ్రమరమే యగునని వేదాంతులు చెప్పుదురు. దానినే భ్రమరకీటక న్యాయమందురు. వేదాంతమున కది చక్కని యుపమానమే. గూటిలో జరుగునది వేఱు. కందిరీగ పురుగును కుట్టి, కదలకుండ జేసి, గూటిలో పెట్టి, తన గ్రుడ్డును పెట్టి మూసిపోవును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి కందిరీగయై వెడలును. నాలుగేండ్ల బిడ్డకు ఇదంతయు చెప్పనక్కఱ లేదు. "తల్లి తన పిల్లకు అన్నము తెచ్చిపెట్టి తలుపు వేసినది" అనిన చాలును, అబద్ధమును కాదు.

ఇంతలో మన మెదురుకొనవలసిన ప్రశ్న యొకటి తప్పక వచ్చును. "చీమను చంపవద్దన్నావు, దోమను చంపుతావేం?" మా యింట ఈ ప్రశ్న వచ్చినపుడు నా చేతులు రెండును దోమను కొట్టుటకు చాచియే యున్నవి. దేవుడు చంపుమన్నాడనియో, అది చెడ్డదనియో చెప్పరాదు. దోమ చెడ్డది కాదు, తన గ్రుడ్లకొఱకు రక్తము త్రాగుచున్నది. కాని అది కుట్టుటవలన మనకు జ్వరము వచ్చును. అందుచేత కొట్టుచున్నామని చెప్పుటయే న్యాయము. మలేరియాకు దోమ కారణమని కనుగొనుటకు త్రోవ చూపిన పరిశోధన మన సికిందరాబాదులోనే జరిగినది. 1897 ఆగష్టు 20వ తేదీన రోనాల్డు రాసు అను సైన్యవైద్యుడు అచ్చట దోమ కడుపులో ఆ వ్యాధిక్రిమిని చూచినాడు.

చంపుటకంటె పుట్టనీయకుండుట మేలని బిడ్డకు చూపవచ్చును. పూలకుండీ క్రింది పళ్లెములోనో, పాత తొట్టిలోనో నిలిచిన నీటిని గాజుగ్లాసులో పోసి గుడ్డ కట్టుడు. తోక ఝాడించుచు క్రిందికి మీదికి పోవు పురుగులు కనబడును. అవి దోమపిల్లలు, గాలి పీల్చుటకు తోకను నీటిపైకి పెట్టును. ఎండకాలపు వేడికి వారము పది దినములలో దోమలగును. ఒక దినము చూచి, మఱునాడు బిడ్డచేతనే ఆ నీటిని ఎండిన నేలమీద పాఱబోయింపుడు. పిమ్మట వారమున కొకనాడు ఇంటిచుట్టును తిరిగి నీరు నిలిచిన చోట్లను కనిపెట్టు నుద్యోగము వానికే యిండు. మా వీధిలో ఆ యుద్యోగి ఇరుగుపొరుగుల కుండీలనుగూడ విడుచుట లేదు.

పట్టుపరికిణీ సంగతియు వచ్చును, సిద్ధముగా నుండుడు. గూటిలో పురుగుండగనే వేడినీట నుడికించి పట్టు తీయుదురని తెలిసిన బిడ్డ పండుగనాడు పేచీ పెట్టవచ్చును. పురుగు ఎగిరిపోయిన పిమ్మట గూటినుండి నూలు తీయు అహింసా పట్టును హైదరాబాదునకు చెందిన కుసుమ రాజయ్యగారు ప్రచారమునకు తెచ్చిరి. అది దొరకును, వెల మాత్రము హెచ్చు. ఏది కట్టవలెనన్నది మీ యింటివారి నిర్ణయము. నా బీరువాలో రెండును కలవు.

ఇప్పుడు పెంపుడు జంతువులు. కుక్కపిల్లను బొమ్మవలె కొని బిడ్డ చేతికిచ్చుట నాకు సమ్మతము కాదు. నాలుగేండ్ల బిడ్డ గిన్నెలో నీరు పోయగలడు, దువ్వెనతో దువ్వగలడు, అన్నము వేళకు పిలువగలడు. అయినను వాడు మఱచిన దినమున కుక్క దాహముతో నుండరాదు. భారము పెద్దలది, సాయము బిడ్డది. మరియా మాంటిసోరి 1939లో మదరాసు అడయారునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు తన పద్ధతిని నేర్పినది. మొక్కలను జంతువులను సాకుట ఆమె పద్ధతిలో ఒక ముఖ్యమైన పాఠము. కుక్క లేని యిల్లైనచో ఇంటిమీద పిట్టలకు మట్టిమూకుడులో నీరు పెట్టించుటయు, పాలవాని ఆవునకు అరటితొక్క తినిపించుటయు చాలును. దూడ మెడక్రింద నిమిరించుడు; పిల్లి నాలుక గరుకుదనమును, కుక్కపిల్ల నాలుక నునుపును పోల్చి చెప్పింపుడు; ప్రక్కటెముకలపై చేయి పెట్టించి గుండె కొట్టుకొనుట తెలియజేయుడు, పిమ్మట వాని రొమ్ముపై వాని చేతినే పెట్టించుడు. తరువాత చేతులు సబ్బుతో కడిగింపవలయును.

రామచిలుకను పంజరములో పెట్టవలదు. జాలి మాట యటుండనిండు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన మన రామచిలుకలను పట్టుటయు అమ్ముటయు పెంచుటయు నేరము. జామచెట్టు గలవారు రెండు కాయలను కోయక విడిచినచో అవియే వచ్చును.

కుక్కతో మెలగుటలో మూడు "వద్దు"లను ఆటగా నేర్పుడు: తినుచుండగా వద్దు, నిద్రించుచుండగా వద్దు, పిల్లలతో నుండగా వద్దు. దాని మొగమున మొగము పెట్టి ముద్దాడుటయు వలదు; చిన్నబిడ్డలకు కాట్లు పలుమాఱు తలమీదను మొగముమీదను పడుటకు ఇదియొక కారణము. పెదవి యెత్తుట, చెవులు వెనుకకు వాల్చుట, గుఱ్ఱుమనుట, ఇవి కుక్క తన భాషలో "వద్దు" అనుట. వీధికుక్క దగ్గఱకు వచ్చినపుడు పరుగెత్తక, చేతులు ముడుచుకొని, నేలచూపు చూచుచు చెట్టువలె నిలువవలెను. మేము దీనిని చెట్టాటగా ఆడుదుము. నేను కుక్కనై చుట్టును తిరిగి వాసన చూచెదను, మనుమరాలు చెట్టు. నవ్విన చెట్టు ఓడినట్లు.

సోదరీమణులారా, ఇంతవఱకు చదివి విసిగినవారుకూడ ఈ యొక్క సంగతిని దయచేసి శ్రద్ధగా చదువుడు. కుక్కగాని పిల్లిగాని కఱచినను, గోటితో గీచి రక్తము చిమ్మినను, పుండుమీద నాకినను, వెంటనే కొళాయి క్రింద సబ్బుతో 15 నిమిషములు కడుగవలయును. గడియారము చూచి కడుగుడు. 15 నిమిషములు మనమనుకొన్నదానికంటె చాల యెక్కువ. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి ఏదియు అద్దరాదు. ఆ దినముననే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రేబీస్ లక్షణములు కనబడిన పిమ్మట ఆ రోగి బ్రతుకుట దాదాపుగా లేదు. ముందుగా టీకా వేసినచో ఆ వ్యాధి రాకుండ కాపాడవచ్చును. 1885 జులై 6వ తేదీన పారిసులో లూయీ పాస్టరు, పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టరు అను 9 ఏండ్ల బాలునికి మొదటిసారి ఈ టీకా వేయించి కాపాడెను. మన ప్రాంతములవారు పూర్వము నీలగిరులలోని కూనూరు పాస్టరు సంస్థకు రైలులో పోవుచుండిరి. బొడ్డుచుట్టు 14 సూదులు పొడుతురను వెఱపు ఇప్పటికిని కొందఱిలో కలదు. అవి యిపుడు లేవు. పెద్దలకు భుజమునకు, పసిపిల్లలకు తొడకు, వైద్యుడు వ్రాసియిచ్చిన తేదీలలో నాలుగైదు మాఱులు వేయుదురు. ఒక్కటియు తప్పరాదు. గాయము లోతైనదైనను, రక్తము వచ్చినను, గాయములోనే వేయు మఱియొక మందు కూడ కావలయును, మీరే యడుగుడు.

అయితే యివన్నియు బిడ్డ మనకు చెప్పినప్పటి మాట. చెప్పకపోయిన నేమగును? వద్దన్న కుక్కపిల్లతో ఆడితిని, అమ్మ కొట్టును అని యెంచిన బిడ్డ గీతను చొక్కా క్రింద దాచును. అది చిన్నగీతయే, రెండు దినములలో మానిపోవును. వారములకో నెలలకో వ్యాధి పైకివచ్చినపుడు, ఏనాడు గీచినదో ఎవ్వరికిని తెలియదు. కావున కుక్క మన యింట లేకపోయినను, ఈ నెలలో ఒకనాటి రాత్రి అన్నము పెట్టునపుడు బిడ్డతో ఇట్లనుడు: "ఏ జంతువైనా నిన్ను కొరికినా, గీరినా, వెంటనే నాతో చెప్పాలి. నిన్ను కొట్టను, తిట్టను." అట్లని, చెప్పిన దినమున నిజముగా కొట్టకుడు, తిట్టకుడు. రాళ్ల క్రింద చేయి పెట్టి తేలు కుట్టించుకొన్నవానికిని ఇదే మాట వర్తించును; మందలింపు ఆసుపత్రినుండి వచ్చిన పిమ్మట, రెండు మూడు దినములు పోయినాక, తీరికగా చేసికొనవచ్చును.

పోయిన నెల యొక సోదరి, తన మూడేండ్ల కుమారునకు బొద్దింకను చూచిన భయమనియు, తీర్చు విధము చెప్పుమనియు వ్రాసినారు. అమ్మా, ముందు మీరు కేకవేసి మంచ మెక్కుట మానవలయును. నేనును మానలేకపోయితిని గనుక ఆ విషయమున ఇంతకంటె చెప్పజాలను. చీమలతో మొదలుపెట్టుడు, బొద్దింక మన యిద్దఱికిని చివరి తరగతి పాఠము.

వచ్చు నెల విత్తనములనుగూర్చి వ్రాసెదను. గుప్పెడు బొబ్బర్లను, పగిలిన మట్టిమూకుళ్లను పాఱవేయక దాచియుంచుడు. చింతగింజల గిన్నెయు పనికివచ్చును.